మఠం సబ్బు

శనివారం పొద్దున్నే యేసుమణి ఇంట్లో సబ్బు గురించి గొడవ మొదలైంది. అందులో వింతేమీ లేదు, ఆరేళ్లుగా నెలకొకసారి జరిగే తంతే. వింతల్లా, ఆ రోజు గొడవ సబ్బు దగ్గర ఆగకపోవడమే.

శంషాబాద్ బస్టాండు వెనక సందులో వాళ్లది మూడు గదుల ఇల్లు. స్నానాల గది గూట్లో ఎప్పుడూ రెండు సబ్బులుండేవి. ఒకటి గులాబీ రంగుది, మీద ఇంగ్లీషు అక్షరాలుండేది. కొడుకు కాలేబు కొత్తూరులో సబ్బుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కాబట్టి నెలకు డజను ఊరికే వస్తాయి. రెండోది మఠం సబ్బు. పాలమీగడ రంగు, నిమ్మగడ్డి వాసన, ఖాకీ కాగితం చుట్టి దారంతో కట్టి ఉంటుంది. దాన్ని యేసుమణి డబ్బులిచ్చి కొనుక్కొస్తుంది.

"డజను సబ్బులు ఫుకట్ల వస్తుంటే మళ్ల కొనుడేందమ్మా?" అన్నాడు కాలేబు తువ్వాలు భుజాన వేసుకుని. "మా మేనేజరుకు తెలిస్తే నా ముఖం ఏం కాను?"

"మీ మేనేజరు వచ్చి మనింట్ల స్నానం చేస్తడారా?" అంది యేసుమణి.

ఆ మాటకు కాలేబు నవ్వి లోపలికి పోగానే గొడవ అయిపోవాలి. ఆ రోజు అతను నవ్వాడు, పోయాడు. కానీ యేసుమణి మాత్రం వంటింటి గడప మీద కూర్చుని, కొత్తగా తెచ్చిన సబ్బు కాగితం విప్పి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

ఆ సబ్బు వెనక ఒక కథ ఉంది. మహేశ్వరం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే ఎత్తైన గోడల మధ్య ధ్యాన మఠం వస్తుంది. లోపల ఇరవై ఇద్దరు మఠకన్యలుంటారు. ఒకసారి లోపలికి పోయినవాళ్లు మళ్లీ గడప దాటరు. అలాగని ఎవరి దగ్గరా చెయ్యి చాపరు. పొద్దున జపం, తర్వాత పని, మళ్లీ జపం. సబ్బులు, కొవ్వొత్తులు, కోడిగుడ్లు, చర్చి గుడిలో పూజకు కావలసిన అప్పాలు, ఇలా చేతులతో చేసింది అమ్ముకుని తినడం వాళ్ల నియమం. గోడలో ఒక గుండ్రటి చెక్క పెట్టె ఉంటుంది. అందులో డబ్బులు, సంచి పెట్టి తిప్పితే పెట్టె లోపలి వైపుకు తిరుగుతుంది. కాసేపటికి సంచి నిండి బయటికి వస్తుంది. అవతలి మనిషి గొంతు వినిపిస్తుంది గానీ ముఖం కనిపించదు. ముఖం చూడాలంటే దర్శనాల గదిలో ఇనుప జాలీ ముందు నిలబడాలి.

ఆరేళ్ల కిందట, పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, యేసుమణి కూతురు సిల్వియా బీకాం పాసై, బ్యాంకు పరీక్ష రాసి, ఫలితాలు రాకముందే ఆ గోడల లోపలికి వెళ్లిపోయింది. తండ్రి జయశీలన్‌కు అది గుండె మీద దెబ్బ. ముప్పై ఏళ్లుగా అతను కోళ్ల ఫారంలో ఫోర్‌మన్. ఎంత రుద్దుకున్నా ఒంటిమీద కోళ్ల వాసన పోదు. కూతురైనా ఫ్యాను కింద కూర్చుని శుభ్రమైన కొలువు చేస్తుందనుకుంటే, అది కాస్తా ఇలా అయింది. "నాకు బిడ్డ లేదు. ఆ జాలీ ముందు నేను నిలబడ, నువ్వు నిలబడేది లేదు" అని భార్యతో తేల్చి చెప్పాడు. మఠం నుంచి ఉత్తరాలు వస్తే చింపకుండా, విప్పకుండా పోస్టుమాన్‌కే తిరిగి ఇచ్చేవాడు.

యేసుమణి పెనిమిటి మాట జవదాటలేదు. పక్కనుంచి పోయింది, అంతే. జాలీ ముందు నిలబడవద్దన్నాడు, నిలబడలేదు. చెక్కపెట్టె ముందు నిలబడవద్దని ఎవరూ అనలేదుగా!

మొదటి నెల తెచ్చిన సబ్బు మీదే ఆమెకు ఆ గుర్తు కనబడింది. ఒక మూలన బొటనవేలితో నొక్కిన చిన్న గుంట. అన్ని సబ్బుల మీదా అదే మూలన, అదే లోతున. ఆమె తన బొటనవేలు అందులో పెట్టి చూసుకుంది. సరిపోయింది. తల్లి వేలు బిడ్డకు రాదా మరి! అయినా మనసు ఆగక మరుసటి నెల పెట్టె దగ్గర అడిగేసింది. "ఈ సబ్బులు మా సిల్వియానే చేస్తదా సిస్టర్?"

"మఠం చేస్తుందమ్మా" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

వాళ్లు అబద్ధం ఆడరు కదా, కాకపోతే కాదనే చెప్పేవారు కదా, అని యేసుమణి లెక్క. ఆ లెక్క మీదే ఆరేళ్లు బతికింది. నిమ్మగడ్డి వాసన ఘాటుగా ఉన్న నెల, పిల్ల హుషారుగా ఉందనుకునేది. అంచులు తిన్నగా తెగి ఉంటే మనసు కుదురుగా ఉందనుకునేది. ఒక ఏడు వానాకాలంలో సబ్బులు మెత్తగా వస్తే, పిల్లకు జలుబు చేసిందని తనే మిరియాల కషాయం తాగినంత పని చేసింది. వైద్యుడు నాడి పట్టి చూసినట్టు ఆమె సబ్బు పట్టి చూసేది.

ఇప్పుడు చేతిలో ఉన్న సబ్బు ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. బొటనవేలి గుర్తు ఒకటి కాదు, నాలుగు. తడుముకుంటూ ఎక్కడ పడితే అక్కడ నొక్కినట్టున్నాయి. పోయిన నెల కూడా కొంచెం వంకర ఉంటే సర్దిచెప్పుకుంది. ఈసారి ఆమె వల్ల కాలేదు. లేచి వెళ్లి, వసారాలో చెప్పులు తొడుక్కుంటున్న భర్త ముందు ఆ సబ్బు పెట్టింది. ఆరేళ్లలో అలా చేయడం అదే మొదలు.

"చూడు. పిల్లకు పాణం బాగలేదు. చేతులు వణుకుతున్నయి."

జయశీలన్ సబ్బు వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. "ఈసారి ఇంక ఎక్కువైంది. పోయిన నెలనే వంకర పోయింది గద" అన్నాడు.

అని, నాలుక కరుచుకున్నాడు.

యేసుమణి అతని ముఖంలోకి చూసింది. మఠం సబ్బు తానొక్కతే వాడుతుంటే ఇంత తొందరగా ఎందుకు అరుగుతోందని ఆమెకు చాన్నాళ్లుగా అనుమానం. "పోయిన నెల సబ్బు నీకెట్ల తెలుసు?" అంది మెల్లగా.

"చీకట్ల చెయ్యికి ఏది దొరికితే అది రుద్దుకుంట. నాకేం ఎర్క!"

"పొద్దున తొమ్మిదింటికి చీకటేంది కాలేబు బాపు?"

కాలేబు తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. జయశీలన్‌కు రోషం వచ్చింది. దొరికిపోయిన మగవాడికి ఇంకేం వస్తుంది! చెప్పు విసిరి లేచాడు.

"అవు, రుద్దుకున్న! నా బిడ్డ చేసిన సబ్బు నేను రుద్దుకుంటే తప్పేంది? ఇగ చాలు. ఏప్రిల్ పదిహేడున నిత్య వ్రతాలు తీసుకుంటదట, గుడిల సాటించిన్రు. అవి అయినంక అది ఇగ తిరిగొచ్చేది లేదు. అప్పటిదాక ఎప్పుడు రావాలన్నా వాళ్లే తలుపు తీస్తరు. నెల గూడ లేదు. ఇయ్యాలనే పోయి తీస్కొస్త."

"ఇది తపస్సుకాలం బాపూ, ఈస్టరు దాక ఎవ్వర్నీ కలవనియ్యరు" అన్నాడు కాలేబు.

"ఎట్ల కలవనియ్యరో చూస్త!"

"చెల్లెకు ఇష్టం లేకపోతే? చెయ్యి పట్టుకుని గుంజుకొస్తవా?"

"ఇష్టం ఉంటే చేతులెందుకు వణుకుతయిరా?" అన్నాడు జయశీలన్. "చిన్నప్పుడు గీత గీస్తే స్కేలు పెట్టినట్టు గీసేది. అది గిట్ల వంకరగ కోస్తదా?"

యేసుమణి కొంగు నడుముకు దోపుకుంది. ఆమెకు భయంగా ఉంది, ఆశగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి కలగడం కన్నతల్లికి కొత్త కాదు. "తిట్టనీకి పోతవంటే నేను రాను. చూడనీకి పోతవంటే నేనూ వస్త" అంది.

జయశీలన్ స్కూటరు బయటికి తీశాడు.

మఠం దగ్గర బయటి పనులు చూసే సిస్టర్ వాళ్లను ఆపింది. తపస్సుకాలంలో దర్శనాలు లేవంది. ఎవరని అడిగింది. జయశీలన్ స్కూటరు వైపు తిరిగాడు. యేసుమణే చెప్పింది, సిల్వియా తల్లిదండ్రులమని. సిస్టర్ ఒక్క క్షణం వాళ్లను చూసి లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చి, "ఆరేళ్ల తర్వాత వచ్చిన తండ్రిని ఈస్టరు దాకా ఆగమనలేను, కూర్చోబెట్టు, అన్నారు మదర్‌గారు" అంది.

గది చిన్నది, చల్లగా ఉంది. మధ్యలో గోడకు బదులు ఇనుప జాలీ, దాని వెనక నల్లటి తెర. తెర పక్కకు జరిగింది.

సిల్వియా రంగు తగ్గింది. ఒళ్లు చేసింది. చేతుల నిండా గీతలు, గోళ్ల కింద మట్టి. కళ్లు మాత్రం ఇంట్లో ఉన్నప్పటికంటే హాయిగా ఉన్నాయి. తండ్రిని చూసి ఏమనాలో తోచక, "బాపూ, బక్కగైనవు" అంది.

దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ జయశీలన్ మరిచిపోయాడు. చివరికి ఒకటే దొరికింది. "చేతులకేమైంది?"

"కోళ్లు గీరినయి."

"కోళ్లా?"

"కోళ్ల షెడ్డు నాదే బాపూ. అయిదేండ్ల సంది."

జయశీలన్ ముఖం కందిపోయింది. "కోళ్ల పెంట ఎత్తనీకా నిన్ను బీకాం చదివించింది? ముప్పై ఏండ్లు ఆ కంపుల నేను బతికిన, నువ్వు బతకొద్దని!"

"నేను కోరుకోలే బాపూ. ఎవరికి ఏ పని వస్తే అది. మదర్ అడిగింది, కోళ్ల సంగతి ఎవరికన్న తెలుసా అని. ఎవ్వరికీ తెల్వది. నాకు తెలుసు. నీ బిడ్డను గద!"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. కానీ ముప్పై ఏళ్ల అలవాటు కోపంకంటే మొండిది. గోడవైపే చూస్తూ, "ఎన్నున్నయి?" అన్నాడు.

"నూట నలభై. పోయిన నెల ఇరవై రెండు పోయినయి."

"మెడలు వంకర పోయినయా?"

"అవు. పచ్చగ పారుకున్నయి."

"కొక్కెర రోగం. టీకా ఇయ్యలేదా?"

"ఇచ్చిన, నీళ్లల్ల కలిపి పెట్టిన."

"మందు మంచుల పెట్టి తెచ్చిన్రా?"

"మంచెక్కడిది? సంచిల వేసి పంపిన్రు."

"ఏం చదివినవే నువ్వు!" జయశీలన్ జాలీ దగ్గరికి జరిగాడు. "ఎండల వచ్చిన టీకా ఉత్త నీళ్లే. మందు అప్పుడే చచ్చిపోయింది. మంచుల పెట్టి తేవాలె, నీళ్లల్ల పాలపొడి కలపాలె, పొద్దుగాలనే పెట్టాలె. మిగిలినయన్న దక్కాలె గద!"

"గదే బాపూ, నిన్ను అడుగుదామని ఉత్తరం రాసిన" అంది సిల్వియా. ఆ ఉత్తరం ఏమైందో ముగ్గురికీ తెలుసు.

యేసుమణికి మాత్రం ఇందులో ఒక లెక్క తేలడం లేదు. అంతసేపూ బిడ్డను కళ్లారా చూసుకుంటూ ఊరుకుంది గానీ, ఇక ఉండబట్టలేకపోయింది. "ఇన్ని కోళ్లతోని సబ్బులెప్పుడు చేస్తవే?"

"సబ్బులా? నేనా?" సిల్వియా ఫక్కున నవ్వింది. "మొదటి ఏడు ఒక్కపారి చెయ్యమన్నరమ్మా. సోడా ఎక్కువేసిన. అందరి చేతులు మండినయి. మళ్ల నన్ను ఆ దిక్కు రానియ్యలే."

యేసుమణి చేతిసంచిలోంచి ఆ వంకర సబ్బు తీసి చూపింది. "మరి ఇది? ఈ వేలు?"

సిల్వియా నవ్వు ఆగిపోయింది. తల్లి ఏమనుకుందో, ఎన్నాళ్లుగా అనుకుందో ఆ పిల్లకు అప్పుడు అర్థమైంది. "మా దగ్గర ఎవరు ఏది చేసిన్రో బయట చెప్పొద్దమ్మా. పేరు పెడితే పని మనదైపోతదని అంటరు. అది ఆగ్నేస్ సిస్టర్‌ది. ముప్పై ఏండ్ల సంది సబ్బులు ఆమెవే. ఇప్పుడు కండ్లల్ల పొరలొచ్చి సరిగ్గ కనవడ్తలేదు. మానుకొమ్మంటే చిన్నపిల్ల లెక్క ఏడ్సింది. అందుకని మదర్ కొయ్యనిస్తున్నరు."

యేసుమణి లేచి నిలబడింది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆరేళ్లు ఎవరిదో వేలిగుర్తులో తన వేలు పెట్టి మురిసిపోయింది. ఎవరి జలుబుకో తాను దిగులుపడింది. మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు, అయినా మోసపోయినట్టే ఉంది. నలుగురిలో పిచ్చిదాన్నయ్యానని ముఖం వేడెక్కింది.

"పోదాం పా" అంది భర్తతో.

"అమ్మా, ఒక్క మాట" అంది సిల్వియా. "ఆమె కోసం పదకొండేండ్ల సంది ఎవ్వరూ రాలే. మీరు ఆమె సబ్బు తెచ్చిన్రు. ఒక్కపారి చూడుండ్రి."

కాదనడానికి యేసుమణి నోరు తెరిచింది. మాట మాత్రం, "పిలువు" అని వచ్చింది.

సిల్వియా ఆగ్నేస్ సిస్టర్‌ను చెయ్యి పట్టి నడిపించుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చిన్న శరీరం, చేతులు నీళ్లలో నానీ నానీ తెల్లబడి ఉన్నాయి. జాలీ వైపు ముఖం పెట్టింది గానీ చూపు వాళ్ల మీద ఆనలేదు.

"మీరేనా తల్లీ సబ్బులు కొనేది?" అంది. పుట్టుక బుద్వేల్ దిక్కున, ఇంట్లో కొండమ్మ అని పిలిచేవాళ్లట. తమ్ముడు పోయాక ఇటు వచ్చే మనిషి లేడు. అదంతా రెండు మాటల్లో చెప్పేసి, ఆత్రంగా ముందుకు వంగింది. "ఒక మాట అడగనా? నురగ మంచిగొస్తదా?"

యేసుమణి తెల్లబోయింది. "ఏందమ్మా?"

"నురగ. మేము విరిగిన ముక్కలు, చెక్కిన పొట్టు వాడుకుంటం. మంచి సబ్బు అమ్మకానికే. అందుకే నాకు తెల్వది. ఎట్ల ఉంటదో, ఎవరు రుద్దుకుంటరో, పిల్లలకు కండ్లు మండుతయో ఏమో అని అనుకుంట ఉంట."

ఆ ముసలామె ముఖంలో ఆ ఆరాటం చూసేసరికి యేసుమణి కోపం ఎటు పోయిందో పోయింది. ఆరేళ్లు తాను గోడకు ఇవతల నిలబడి లోపల ఎవరున్నారో అని ఆరా తీసింది. ముప్పై ఏళ్లు ఈమె అవతల కూర్చుని బయట ఎవరున్నారో అని అనుకుంటూ ఉంది.

"మస్తు నురగొస్తదమ్మా" అంది జాలీకి దగ్గరగా జరిగి. "మండదు. ఎండాకాలం నిమ్మగడ్డి వాసన ఇల్లంత ఉంటది. మా పక్కింటి సక్కుబాయి గూడ తెప్పించుకుంటది, మనవడికి పొక్కులు తగ్గినయట. ఇగ మా ఇంట్ల నేను రుద్దుకుంట." ఆగి, భర్త వైపు చూసింది. "ఈయన గూడ."

జయశీలన్ తల దించుకున్నాడు.

ఆగ్నేస్ సిస్టర్ ఒక్కో మాటా నమిలి మింగుతున్నట్టు విన్నది. "గట్టిపడ్డదా లేదా అని వేలుతోని ఒత్తి చూస్త తల్లీ. ఒత్తినప్పుడల్ల మరియమ్మకు ఒక మంగళవార్త జపం చెప్పుకుంట, రుద్దుకునేటోళ్ల కోసం. వాళ్లెవరో నాకు తెల్వదు, దేవునికి తెలుసు" అంది.

యేసుమణికి గుండె నీరైపోయింది. తన ఇంట్లోకి ఆరేళ్లుగా నెల నెలా ఒక జపం వచ్చింది. ఇంట్లో కొడుకు, పెనిమిటి చల్లగా ఉన్నారంటే అందులో ఈ ముసలామె పాలు ఎంతో! ఆమె కూతురు వైపు తిరిగింది.

"మరి నీ గుడ్లు ఎవరు తింటున్నరే?"

"నాకేం తెలుసమ్మా. పెట్టెల పెడ్త, బయటికి పోతయి. ఎవరింట్లనో ఎవరో తింటరు."

ఆ మాట చాలా మామూలుగా అంది సిల్వియా. తల్లికి మాత్రం అక్కడే కట్ట తెగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డ చెయ్యి తన ఇంటికి రావాలని ఇన్నాళ్లూ వెతుక్కుంది. వచ్చింది వేరే ఎవరి చెయ్యో. బిడ్డ చెయ్యి ముక్కూ ముఖం తెలియని ఏ ఇంటికో పోతోంది. అక్కడ ఏ తల్లో పిల్లలకు ఆ గుడ్డు ఉడికించి పెడుతూ ఉంటుంది. ఇందులో తాను పోగొట్టుకున్నదేమిటో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

జయశీలన్ కూతురి వైపు తిరిగాడు. "బలవంతమేం లేదు గద బిడ్డా?"

బిడ్డా అన్నాడు. ఆరేళ్ల తర్వాత. సిల్వియా జాలీ పట్టుకుంది.

"లేదు బాపూ. పొద్దున లేస్తే పని ఉన్నది, పాట ఉన్నది. మంచిగున్న. నువ్వు వస్తలేవన్న ఒక్క బాధ ఉండె."

"తీస్కపోదామని వచ్చిన."

"ఎరుకే. రమ్మంటే నేను రాను, పొమ్మంటే నువ్వు బాధపడ్తవు. ఏం చేద్దాం చెప్పు?"

జయశీలన్ జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు, చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "నేను పని చేసే ఫారంల టీకా దొరుకుతది. మంచుల పెట్టుకుని సోమవారం తెస్త. ఆ పొద్దుగాల నేను వచ్చేదాక కోళ్లకు నీళ్లు పెట్టకు, దూపతోని మందునీళ్లు అన్నీ తాగుతయి" అన్నాడు. అంతకంటే గట్టిగా ఒప్పుకోవడం అతనికి చేతకాదు. సిల్వియాకు అది అర్థమైంది కనుకే ఏడుస్తూనే నవ్వింది.

తెర మూసుకున్నాక బయటి సిస్టర్ ఒక పెద్ద పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. వచ్చినవాళ్లు ఎవరి కోసం వచ్చారో, ఏమవుతారో రాసి సంతకం పెట్టాలంది. జయశీలన్ కలం అందుకున్నాడు. కూతురి పేరు రాశాడు. పక్కన 'ఏమవుతారు' అన్న గడిలో కలం కాసేపు ఆగింది. తర్వాత 'తండ్రి' అని పెద్ద అక్షరాలతో, గడి బయటికి పోయేంత వెడల్పుగా రాశాడు.

"ఆమెది గూడ రాయి" అంది యేసుమణి.

"ఎవరిది?"

"కొండమ్మది. ఆమె కోసం గూడ వచ్చినం గద!"

జయశీలన్ కింది వరుసలో ఆగ్నేస్ సిస్టర్ పేరు రాసి, తలెత్తాడు. "ఏమైతమని రాయాలె?"

యేసుమణి ఆలోచించింది. అక్క అందామా, అమ్మ అందామా అనుకుంది. రెండూ సరిపోలేదు. "ఇంటోళ్లమని రాయి" అంది.

బయటి సిస్టర్ ఆ వరుస చదివి, వెంటనే పుస్తకం మూయలేకపోయింది. "వ్రతాల పూజ పదిహేడున, పొద్దున తొమ్మిదింటికండీ" అంది.

"ఎనిమిదింటికే వస్తం" అన్నాడు జయశీలన్.